బైబ్యాక్‌కి రెండో ఎంట్రీ ఉంది, దయచేసి వదిలేయకండి

హైదరాబాద్‌లో చాలామంది అకౌంటెంట్లు రోజంతా అమెరికా కంపెనీల పుస్తకాలే రాస్తారు. ఆ అలవాటుతోనే ఇక్కడి కంపెనీ బైబ్యాక్‌ని, అంటే తన షేర్లను తానే తిరిగి కొనడాన్ని కూడా ‘ట్రెజరీ స్టాక్’ (కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న సొంత షేర్లు) అని ఈక్విటీలో, అంటే వాటాదారుల సొమ్ములో మైనస్ చేసి ఊరుకుంటున్నారు. అది తప్పండీ. అక్కడ కొన్న షేర్లను అట్టేపెట్టుకుని మళ్లీ అమ్ముకోవచ్చు. ఇక్కడ కంపెనీల చట్టం 2013, సెక్షన్ 68 ప్రకారం బైబ్యాక్ ముగిసిన 7 రోజుల్లో వాటిని రద్దు చేసి తీరాలి. రద్దయిన షేర్లు పుస్తకంలో ఎలా మిగులుతాయి?

లెక్క వేసి చూడండి. 10 రూపాయల షేర్లు 10 లక్షలు, అంటే మూలధనం కోటి. సెక్యూరిటీస్ ప్రీమియం (షేర్లు ముఖవిలువకు మించి అమ్మగా వచ్చిన సొమ్ము) 50 లక్షలు, జనరల్ రిజర్వ్ (లాభాల్లోంచి పక్కన పెట్టింది) 4 కోట్లు. 60 రూపాయల చొప్పున లక్ష షేర్లు కొన్నారు. మూలధనం, ఫ్రీ రిజర్వులు (ఇక్కడ ప్రీమియం కూడా వీటిలోకే వస్తుంది) కలిపి 5.5 కోట్లు, బోర్డు పరిమితి అందులో 10 శాతం, అంటే 55 లక్షలే. కొన్నది 60 లక్షలకు కాబట్టి బోర్డు తీర్మానం చాలదు, వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ఇక్కడే సగం మంది జారిపోతారు.

షేర్ క్యాపిటల్ డెబిట్ 10 లక్షలు, ప్రీమియం డెబిట్ 50 లక్షలు, బ్యాంక్ క్రెడిట్ 60 లక్షలు. ఇక్కడితో ఆపేస్తారు! సెక్షన్ 69 కింద జనరల్ రిజర్వ్ డెబిట్, క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వ్ (రద్దయిన షేర్ల ముఖవిలువ మేరకు పక్కన పెట్టే నిధి) క్రెడిట్ మరో 10 లక్షలు రాయాలి. మూలధనం 90 లక్షలకు తగ్గినా ఈ 10 లక్షలతో కలిపి డివిడెండ్‌గా పంచడానికి వీల్లేని సొమ్ము కోటిగానే నిలుస్తుంది. అప్పులిచ్చినవాళ్లకు ఉన్న రక్షణ అదే. ఈ ఎంట్రీ మరిచిపోతే ఆ 10 లక్షలూ డివిడెండ్‌కి దొరికే డబ్బులా కనిపిస్తాయి. నిజానికి ఆ రిజర్వ్‌ని ఫుల్లీ పెయిడ్ బోనస్ షేర్లకు, అంటే వాటాదారులకు ఉచితంగా ఇచ్చే షేర్లకు మాత్రమే వాడాలి.

స్ప్లిట్ (ఒక షేరును చిన్న ముఖవిలువ షేర్లుగా విడగొట్టడం), బోనస్ ఒకటే అనే మాట కూడా మానాలి. 10 రూపాయల షేరు 2 రూపాయలవి 5 అయితే మొత్తం మూలధనం గానీ, రిజర్వులు గానీ మారవు. బోనస్‌కి మాత్రం రిజర్వులు తగ్గి మూలధనం పెరుగుతుంది, ఆథరైజ్డ్ క్యాపిటల్ (కంపెనీ జారీ చేయగల గరిష్ఠ మూలధనం) సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. రెండింటిలోనూ పాత ఏళ్ల ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చిన లాభం) కొత్త షేర్ల సంఖ్యతో తిరిగి లెక్కించాలి.

ఇక మార్చి 31 తర్వాత బోర్డు ప్రతిపాదించిన ఫైనల్ డివిడెండ్‌కి ఆ ఏడాది పుస్తకాల్లో ప్రొవిజన్ (ముందుగా పక్కన పెట్టే కేటాయింపు) రాయొద్దు. నోట్స్‌లో చూపిస్తే సరిపోతుంది, అప్పుగా ఎక్కేది ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ఆమోదించాకే.