తీరిక పని కాదు, పనే

మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పైన దీపం బొమ్మ, ‘ఇల్లు నిలబడాలంటే’ అని పేరు, కింద ఐదు పాయింట్లు. స్త్రీవాదం పడమటి దేశాల సరుకట. పుస్తకాలు పట్టుకున్న ఆడది కాపురం నిలబెట్టదట. మన ఆడవాళ్లు ఇంటిపట్టున మహారాణుల్లా ఉండి, తీరిక దొరికినప్పుడు లేసు అల్లుకుంటూ హాయిగా ఉన్నారట. చట్టాలన్నీ ఆడవాళ్లవైపేనట. ఆఖరుది, ఈ ఉద్యమాలు మీటింగుల్లో మాట్లాడే నలుగురివే తప్ప పేదింటి ఆడదాన్ని పట్టించుకోవట. పంపినవాళ్లలో ఇద్దరు నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన ఆడపిల్లలు. అది చూశాక ఊరుకోలేకపోయాను.

పడమటి సరుకు సంగతి. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఊరు వెలేసి, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్లు మోసి, వండి వడ్డించారు. ఆవిడ ఏ దేశం నుంచి దిగుమతి అయ్యారో చెప్పండి. మెసేజ్‌లో మన సంప్రదాయమని మురిసిపోయిన లేసు అల్లిక ఉందే, దాన్ని ఇక్కడికి తెచ్చి నేర్పింది విదేశీ మిషనరీలు. అది మనదైంది గానీ ఆడవాళ్ల హక్కు మాత్రం పరాయిదా?

చదువు, కాపురం. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మకు, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు, ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఆ పెళ్లి నిలబడలేదు, నిజమే. తర్వాత ఆవిడ చదువుకుని రాజ్యాంగ సభ దాకా వెళ్లారు. పెళ్లి చెడింది పుస్తకం వల్లా, ఎనిమిదేళ్ల పిల్ల మెడలో తాళి కట్టడం వల్లా? నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణం మూయించింది అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు. ఊళ్లు దాటి, జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే కూలి డబ్బు ఇంటికొస్తే ఇల్లు కూలుతుందా?

చట్టాలు. భార్యను హింసించే భర్తనూ అత్తింటివాళ్లనూ శిక్షించే 498ఏ సెక్షన్ (2024 జూలై నుంచి కొత్త చట్టంలో 85వ సెక్షన్) దుర్వినియోగం జరగనే జరగదని నేను అనను. ఆ కేసుల్లో ఇష్టమొచ్చినట్టు అరెస్టులు చేయొద్దని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచీ ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. నాన్న పోయిన నెల తిరక్కుండా అక్కచెల్లెళ్లను ఆటో ఎక్కించి, రిజిస్ట్రారాఫీసులో హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టిస్తున్నది ఏ చట్టం? మన బ్యాచ్‌లో ఎంతమందిమి పెట్టాం?

ఇక మహారాణుల సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

మా పిన్ని నరసాపురం దగ్గరి పల్లెలో నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఎడమచేతి చూపుడువేలు మీద దారం నడిచి నడిచి గీత పడిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది, వెలుతురు అక్కడే ఉంటుంది కాబట్టి. కూర కలపడానికి లేస్తుంది, మళ్లీ దారం ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. తెల్ల దారం మీద పసుపు మరక పడితే ఏజెంటు ఆ ముక్క తీసుకోడు, తీసుకున్నా డబ్బు కోస్తాడు. ఒక మధ్యాహ్నం నేను లెక్కపెట్టాను, పదకొండుసార్లు లేచి కడుక్కుంది. మీరు తీరిక అంటున్నది దీన్నే.

ఇది మా పిన్ని ఒక్కదాని గోడు కాదు. మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతానికి వచ్చి, ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో వాళ్ల మీద పుస్తకం వేశారు. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిక. సరుకు విదేశాలకు ఎగుమతి. కూలి మాత్రం పొలం పనికి వెళ్లే ఆడమనిషికి వచ్చేదాని కంటే తక్కువ. ఎందుకు తక్కువంటే, వాళ్లు పనివాళ్లు కారట, ఇంట్లో కూర్చుని పొద్దుపుచ్చే గృహిణులట. పనివాళ్ల లెక్కల్లోనూ వాళ్లు లేరు. మా ఆడవాళ్లు పొలానికి వెళ్లరు అని చెప్పుకునే పరువు ఉంది చూశారూ, వ్యాపారికి దాన్ని మించిన లాభం లేదు. గడప దాటని మనిషికి బజారులో ఆ టేబుల్ క్లాత్ ఎంతకి అమ్ముడుపోతుందో తెలియదు. పక్క వీధిలో ఇంకొకామెకు ఎంతిస్తున్నారో కూడా తెలియదు. ఇచ్చిందే కూలి.

కాబట్టి ‘మహారాణి’ అనే మాట పొగడ్త కాదమ్మా. మా పిన్ని కూలి అణాల్లో ఉండిపోవడానికి వాడిన మాట అది. దాన్ని గులాబీ పువ్వు పెట్టి ఫార్వర్డ్ చేసే ముందు మీ అమ్మ వేళ్లు ఒకసారి చూడండి. మన క్లాసులో సగం మంది ఫీజులు ఆ దారంతోనే కట్టారు. మరిచిపోయారా?

ఐదో పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. అందులో నిజం ఉంది. మా పుస్తకాల సంఘం నెలకో ఆదివారం సాయంత్రం నాలుగింటికి కూర్చుంటుంది. టీచర్లొస్తారు, బ్యాంకు ఉద్యోగినులొస్తారు. లేసు అల్లేవాళ్ల గురించి ఒకసారి రెండు గంటలు మాట్లాడుకున్నాం, వాళ్లలో ఒక్కరూ లేకుండా. పిలిచినా రారని విసుక్కున్నానే గానీ ఎందుకు రారని అడగలేదు. మొన్న పిన్నిని అడిగాను.

“నాలుగింటికా? ఆ వెలుతురు పోతే మళ్లీ తెల్లారే వరకూ రాదు కదే” అంది, సూది ఆపకుండానే.