ఎడమ చేత్తో పెళ్ళి భోజనం

మా మామగారు ఆర్నెల్లు ఉండొస్తానని డల్లాస్‌లో మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోపు అటక మీదున్న పాత స్లైడ్లన్నీ స్కాన్ చేసేసి, హాల్లో టీవీలో వేసి ఆయన్ని ఆశ్చర్యపరచాలని మా ఆయన ప్లాను. ప్లాను మంచిదే, నేనేం కాదన్లేదు, కాకపోతే మా బర్కత్‌పురా ఇంట్లో ఏ మంచి ప్లాను మొదలైనా ముందు పోయేది నా డైనింగ్ టేబులే.

స్లైడ్లు చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, రెండంగుళాల చదరపు అట్టలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క అది, నెగటివ్‌లాగా రంగులు తిరగబడవు, ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి, ప్రొజెక్టర్లో పెట్టి లైటు వేస్తే గోడంత బొమ్మ పడుతుంది. మామగారికి కుర్రతనంలో కెమెరా పిచ్చి. 1974లో ఆయన పెళ్ళికి అమెరికా నుంచి వచ్చిన ఎవరో చుట్టం కోడాక్రోమ్ అనే స్లైడ్ ఫిల్ము రోల్స్ తెచ్చారట, కెమెరా స్నేహితుడి చేతికిచ్చి తను పీటల మీద కూర్చున్నారట, తాళి కడుతూ కూడా మెడ వెనక్కి తిప్పి "ఫోకస్ చూసుకోరా" అన్నారని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

స్కానరు సెకండ్ హ్యాండ్. అది ఇంటికొచ్చిన రోజు నుంచీ మా ఆయన మాట్లాడే భాష మారిపోయింది. కోడాక్రోమ్ 1935లో వచ్చింది, 2009లో కొడాక్ వాళ్ళు తయారీ ఆపేశారు, దాన్ని కడిగే ఆఖరి ల్యాబు అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే ఊళ్ళో ఉండేది, అది కూడా 2010 చివరికల్లా రోల్స్ తీసుకోవడం మానేసింది, వేరే స్లైడ్ ఫిల్ముల్లో రంగు పుట్టించే రసాయనం ఫిల్ములోనే ఉంటుంది, దీంట్లో అయితే కడిగేటప్పుడు ఎక్కిస్తారు, చీకట్లో దాచుకుంటే రంగు ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. ఇదంతా ఆయన చెప్పింది పాలవాడికి. పాలవాడు బిల్లు కోసం వచ్చాడు.

రంగు మాట మాత్రం నిజమే. పెళ్ళివి నిన్న తీసినట్టున్నాయి, తర్వాతెప్పుడో నాంపల్లి నుమాయిష్‌లో వేరే ఫిల్ముతో తీసినవైతే మనుషులూ జెయింట్ వీలూ మిర్చి బజ్జీలూ మొత్తం గులాబి రంగుకి తిరిగిపోయాయి. కొన్నిటికి బూజు కూడా పట్టింది. అత్తగారు తడిగుడ్డ పట్టుకుని "ఇలా తే, తుడిచిస్తా" అని వస్తే మా ఆయన కెవ్వున కేకేశారు, ఫిల్ము మీద బూజు తిన్న జెలటిన్ పొర నీళ్ళు తగిలితే కరిగిపోతుందట, బొమ్మ గుడ్డకి వచ్చేస్తుందట. ఆవిడ అదే గుడ్డతో ఫ్రిజ్ తుడుచుకుని వెళ్ళిపోయారు.

4000 డీపీఐ, అంటే అంగుళానికి నాలుగు వేల చుక్కలు, పెట్టారు, అంటే ఒక్కో స్లైడుకి రెండు కోట్ల పైచిలుకు పిక్సెళ్ళు, 16 బిట్ల టిఫ్ అనే ఫొటో ఫైల్లో దాస్తే ఒక్కోటి 120 ఎంబీ దాకా. అది గుర్రుమంటూ నిమిషాలకి నిమిషాలు తిరుగుతుంటే మేం అన్నం నేల మీద కూర్చుని తిన్నాం. పైగా దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఒకటి, రంగు పొరల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ సాఫీగా దూరిపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది, ఎక్కడ ఆగిందో అక్కడ సాఫ్ట్‌వేర్ పూడ్చేస్తుంది. మరి కోడాక్రోమ్‌లో బాగా నల్లగా ఉన్నచోట కూడా అది ఆగిపోతుందని కనిపెట్టేలోపు మామగారి మీసం ఒక పక్క దుమ్ము కింద పోయింది.

పెళ్ళి స్లైడ్లు అవగానే మామగారు లేని కొత్త గ్రూపు ఒకటి పెట్టి, చుట్టాలందర్నీ చేర్చి, రాత్రి ఫొటోలు వదిలారు. పొద్దున లేచేసరికి గ్రూపు అంటుకుని ఉంది.

మొదట పట్టుకుంది భోజనాల ఫొటో. అరిటాకుల ముందు కూర్చున్న బంతి మొత్తం ఎడమ చేత్తో తింటున్నారు. ఒకరో ఇద్దరో కాదండీ, బంతి బంతంతా, వడ్డించేవాడు గరిటె పట్టుకుంది కూడా ఎడమ చేత్తోనే. ఇలాంటప్పుడు మామూలు మనిషికి ఏం తోచాలి, ఫొటోలో ఏదో తేడా ఉందని కదా, మావాళ్ళకి అది తప్ప అన్నీ తోచాయి. గుంటూరు బాబాయిగారు "ఆ రోజు పప్పు పొగలు కక్కుతోంది, నాకు బాగా గుర్తు, అందరికీ కుడిచేతి వేళ్ళు కాలాయి" అని రాశారు. దానికి ముగ్గురు దణ్ణాలు పెట్టారు.

తర్వాత విజయవాడ పిన్నత్తగారు దిగారు. పెళ్ళికూతురి పైట కుడి భుజం మీదుంది, ముక్కుపుడక ఎడమ వైపుకి పోయింది, "అక్కా, నీకు గుజరాతీ కట్టు కట్టించింది ఎవరే, మీ ఆడపడుచేనా?" అని అడగ్గానే ఆ ఆడపడుచుగారు వరసపెట్టి వాయిస్ మెసేజ్‌లు, ఒక్కోటీ టీ తాగుతూ వినాల్సినంత పొడుగు. తను చీర కట్టలేదు, కట్టింది వీళ్ళ పెద్దమ్మ, ఆ మాటకొస్తే ఆ పెళ్ళిలో తనకి పెట్టిన చీర జరీ కూడా ఉతికితే పోయింది. యాభై ఏళ్ళుగా మడతపెట్టి దాచిన జరీ అది, మా ఆయన స్కానర్ పుణ్యమా అని బయటికొచ్చింది.

అన్నిటికన్నా పెద్ద బాంబు రాజమండ్రి పెదమావయ్యగారిది. పురోహితుడి జంధ్యం చూడండి అన్నారు. చూస్తే కుడి భుజం మీదనుంచి ఎడమకి దిగుతోంది. అపసవ్యం! తద్దినాల్లో పితృకార్యానికి తప్ప అలా వెయ్యరు, అలాంటిది పెళ్ళి పీటల మీద ఆ అయ్యవారు అలా కూర్చోవడమేంటి? గ్రూపు ఒక్కసారి చల్లబడింది. కాసేపాగి ఎవరో "అందుకేనేమో బావగారికి ప్రమోషన్ లేటయింది" అన్నారు. ఇంకొకళ్ళు శాంతి చేయిస్తే ఎంతవుతుందో కూడా చెప్పేశారు.

అనుమానం రావాల్సిన మనిషి మా ఆయన, ఆయనకి రాలేదు. ఎందుకంటే అప్పటికే పెళ్ళైన కొత్తలో తీసుకున్న చార్మినార్ ఫొటో చూసుకుని ఫోటోలన్నీ కరెక్టుగానే ఉన్నాయని తేల్చేసుకున్నారు. 1591లో కట్టినవాళ్ళు నాలుగు మూలలా నాలుగు మినార్లు ఒక్కలాగే కట్టారు కదా, దాన్ని ఎటు తిప్పి చూపించినా చార్మినారే. పక్కన ఉర్దూ బోర్డులున్నాయి కానీ మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. గడియారం ఒక్కటే పట్టించింది, అదే 1889లో చార్మినార్‌కి పెట్టారే, అది ఫొటోలో 7:20 చూపిస్తోంది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని "మేం వెళ్ళింది సాయంత్రంరా, నా చేతికున్న గాజులు అప్పుడే లాడ్ బజార్‌లో కొన్నవి, పొద్దున్నే 7:20కి కొట్టు ఎవడు తీస్తాడు, అయినా మీ నాన్న ఆ టైముకి ఏనాడు లేచారు?" అన్నారు. గడియారం ఆగిపోయుంటుందిలే అమ్మా అనేశారు ఈయన. ఆవిడ కూడా అంతకుమించి పట్టించుకోలేదు, పెళ్ళికూతురి ఫొటో మాత్రం తెగ నచ్చింది, "అచ్చం నాలాగే వచ్చింది" అని పెద్దది ప్రింటు తీయించమన్నారు.

ప్రింటు కోసం కోఠిలో ఓ పాత స్టూడియోకి వెళ్ళాం. అక్కడి పెద్దాయన ఫొటోలు ఒక్కొక్కటీ చూసి "సార్, మీ ఇంట్ల అందరిదీ ఎడమ చెయ్యేనా?" అని అడిగి, స్లైడు తీసుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తిప్పారు. "గిటు చూడుండ్రి, గీ పక్క మెరుస్తుంది, గా పక్క మసకగున్నది. మసక దిక్కే బొమ్మ పడే మసాలా ఉంటది. మీరు ఉల్టా పెట్టిన్రు."

"లేదండీ, అట్ట మీద రాసుంది కదా, ఈ వైపు స్క్రీన్ వైపు ఉండాలి అని. నేను ప్రతీదీ అలాగే చూసి పెట్టా."

"ఏం స్క్రీన్ సార్?"

"లాప్‌టాప్ స్క్రీన్."

పెద్దాయన నవ్వలేదు, పాపం. కుర్రాణ్ణి పిలిచి రెండు చాయ్‌లు చెప్పారు. 1974లో అట్ట మీద అచ్చేసినవాళ్ళు చెప్పింది ప్రొజెక్టర్ ముందు కట్టే తెల్లగుడ్డ గురించి. మా టేబుల్ మీద లాప్‌టాప్ స్కానర్‌కి అటుపక్క కాకుండా ఇటుపక్క ఉండుంటే పెళ్ళి సవ్యంగా జరిగిపోయేది. ఇన్‌ఫ్రారెడ్ ఎక్కడాగుతుందో తెలిసిన మనిషికి ఇది తెలియకపోవడం ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

అన్నీ సెలక్ట్ చేసి ఒక్క నొక్కు నొక్కితే తిరిగిపోతాయి కదా అన్నాను. కాదట, మళ్ళీ మొదట్నుంచీ స్కాన్ చెయ్యాలట, ఈసారి ఇన్‌ఫ్రారెడ్ తీసేసి, మీసంతో సహా. సరే, టేబులు పోయింది పోయిందే. సరైన ఫొటోలు గ్రూపులో పెట్టి సంగతంతా వివరంగా రాశారు. ఒక్కళ్ళు నమ్మితే ఒట్టు. "ఇప్పుడు ఏఐతో చేతులు కూడా మార్చేస్తున్నారన్నమాట" అని గుంటూరు బాబాయిగారు. పురోహితుడి పరువు కాపాడటానికి జంధ్యం ఇటు జరిపారని పెదమావయ్యగారు. ఆడపడుచుగారు మాత్రం కొత్త ఫొటోనే అసలుదన్నారు, తర్వాత జరీ విషయం మళ్ళీ గుర్తుచేశారు.

అత్తగారు కొత్త పెళ్ళికూతుర్ని చూసి మొహం అదోలా పెట్టారు. "ఇది నేను కాదురా, మా చెల్లెల్లా ఉంది. మూతి వంకర పోయింది." నువ్వు పుట్టినప్పట్నుంచీ నిన్ను అద్దంలోనే చూసుకున్నావు కదమ్మా, అద్దంలో కుడి ఎడమవుతుంది కాబట్టి తిరగబడ్డ ఫొటోనే నీకు నీలా కనిపిస్తుంది అని మా ఆయన అరగంట చెప్పారు. "నా మొహం నాకు తెలీదా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారావిడ.

రెండ్రోజులకి స్టూడియో నుంచి ఫోను. "సార్, అమ్మ ఆటోల వచ్చిన్రు, పెన్‌డ్రైవ్ ఇచ్చి ఉల్టాదే పెద్దగ కొట్టి ఫ్రేము కట్టుమంటున్రు. ఏం జెయ్యమంటరు?" మా ఆయన ఏం మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టి స్కానర్ దగ్గరికెళ్ళిపోయారు. అడ్వాన్సు ఏమైనా ఇచ్చారా అని అడిగాను. అడ్వాన్సు కాదట, మొత్తం డబ్బులు కట్టేసి రసీదు కూడా రాయించుకున్నారట.