గంజాయి నూనె సీసా గారికి అనంతపురం నుంచి

మహారాజశ్రీ గంజాయి నూనె సీసా గారికి,

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒక అనంతపురం మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా మా ఫ్రిజ్‌లో, గోంగూర పచ్చడి పక్కన, క్షేమంగానే ఉన్నారు.

మా పెద్దోడు బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే తమరు కొరియర్లో మా ఇంటికి విచ్చేశారు. వాళ్ళవ్వ మోకాళ్ళ నొప్పులకని. నల్లటి గాజు ఒళ్ళు, రబ్బరు బుర్ర పెట్టుకున్న డ్రాపరు, మీద వేళ్ళు చాచిన ఆకు బొమ్మ. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నారు. ధర విన్న మా ఆవిడ మాత్రం "ఈ దుడ్డుకు ఒక డబ్బా శెనక్కాయ నూనె వచ్చేది కదా" అంది. తమరు నొచ్చుకోకండి, మా ఊళ్ళో ఏ నూనెనైనా దాంతోనే కొలుస్తారు.

మా అమ్మ బెంగ వేరు. "ఏమప్పా, ఇది గంజాయి అంటాండారు. రేపు పోలీసోళ్ళొచ్చి అడిగితే నేనేం చెప్పల్ల? ఈ మోకాళ్ళతో జీపు గూడా ఎక్కలేను" అంది. ఆమెకు తమ కులగోత్రాలు వివరించాల్సి వచ్చింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మొక్క కొసన పూసిన పూత గంజాయి, బంక చరస్. ఆకు, విత్తనం ఆ పూతతో కలవకుండా విడిగా ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. మొక్క ఒకటే, తల దొంగ, ఒళ్ళు దొర. 20 కిలోలు మించి పూతతో దొరికినవాడికి పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు. తమరేమో ఆకు వైపు బంధువులు కాబట్టి 'విజయ పత్ర సారం' అని (ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ) లేబుల్ తగిలించుకుని, ఆయుర్వేదం లైసెన్సుతో, బబుల్ కవర్లో వచ్చి దిగారు. మందుల చీటీ కావాలంటే అమ్మినవాళ్ళే ఫోన్లో రెండు మాటలు మాట్లాడి రాసిచ్చారు. మా అమ్మ ఇంకేం మాత్రలు మింగుతుందో అడగలేదు. అడిగి ఉంటే ఆ లిస్టు చదవడానికే అరపూట పట్టేది.

తమతో పాటు వచ్చిన కరపత్రం చదివాను. నిద్ర, షుగరు, మోకాళ్ళు, జుట్టు రాలడం, పిల్లల పరీక్షల టెన్షన్. క్లాక్ టవర్ దగ్గర చాప పరుచుకుని తైలాలమ్మే పెద్దమనిషి కూడా జుట్టు జోలికి పోడు, మోకాళ్ళ దగ్గరే ఆగుతాడు. అయినా అది కాదు నా బాధ. కరపత్రం వెనకపక్క 'సైన్స్ నిరూపించింది' అని వేసి, కొందరు శాస్త్రవేత్తలను తమ తాతముత్తాతల్లా వరసగా నిలబెట్టారు చూడండి, అక్కడ నాలోని మేష్టరు లేచాడు.

రాఫెల్ మెషూలం పేరు వేసుకున్నారు. సంతోషం. ఇజ్రాయెల్‌లో ఆ రసాయన శాస్త్రవేత్త పోలీసుల దగ్గర ఐదు కిలోల హషీష్, అంటే గంజాయి బంక తీసుకుని, సంచిలో వేసుకుని, మామూలు బస్సెక్కి ల్యాబుకు వెళ్ళిన మనిషి. ఆ బస్సు కదిరి బస్సు అయ్యుంటే ఘాటుకు కండక్టరు రెండో స్టేజీలోనే దించేసేవాడు. 1964లో ఆయనా, తోటి శాస్త్రవేత్త గావోనీ కలిసి మత్తెక్కించే టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం తేల్చారు. అదే మొక్కలో ఉండే, మత్తెక్కించని, తమరి ఒంట్లో ఉందని చెప్పుకుంటున్న సీబీడీ నిర్మాణాన్ని అంతకు ఏడాది ముందే ఆయన బృందం తేల్చింది. నిజానికి పచ్చి మొక్కలో టీహెచ్‌సీ పెద్దగా ఉండదు. దాని ఆమ్లరూపం ఉంటుంది. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ మిగులుతుంది. దాన్ని కాల్చి పీల్చేది, పాలల్లో కాచేది అందుకే.

1988లో మెదడులో ఈ పదార్థాలు అతుక్కునే చోటు దొరికింది. సీబీ1 గ్రాహకం అన్నారు. 1992లో మన మెదడే సొంతంగా తయారుచేసుకుని అక్కడ అతికించే ఆనందమైడ్ దొరికింది. ఇదంతా తమ కరపత్రంలో భేషుగ్గా ఉంది. లేనిదేమిటంటే, అదే సీబీ1ను మూసేసి ఒళ్ళు తగ్గించే రిమోనబాంట్ అనే మాత్ర 2006లో యూరప్‌లో వచ్చి, జనానికి దిగులు పట్టుకుంటోందని 2008లో వెనక్కి పోయిన సంగతి. గ్రాహకానికి అతుక్కోవడమే గొప్పయితే మిరియాల సంగతేమిటి? మిరియాల్లోని బీటా కేరియోఫిలిన్ కూడా సీబీ2 అనే రెండో గ్రాహకానికి అతుక్కుంటుందని 2008లోనే తేల్చారు. మా ఆవిడ చేసే మిరియాల చారుకు కూడా డ్రాపరు పెట్టి, నల్ల సీసాలో పోసి అమ్మొచ్చన్నమాట. చారైతే ఘాటన్నా తెలుస్తుంది.

ఇక ఫిట్ల విషయం. ఇక్కడ మాత్రం తమరితో నవ్వుతూ మాట్లాడలేను.

1839లో కలకత్తాలో ఓషాగ్నెసీ అనే ఐరిష్ డాక్టరు, నలభై రోజుల పసిబిడ్డకు ఫిట్లు ఆగకపోతే గంజాయి సారం చుక్కలు వేసి చూసి, ఏం జరిగిందో రాసిపెట్టాడు. మన దేశంలోనే జరిగిందది. 1980లో బ్రెజిల్ డాక్టర్లూ మెషూలమూ కలిసి మూర్ఛ రోగులు ఎనిమిది మందికి రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల సీబీడీ ఇస్తే నలుగురికి ఫిట్లు దాదాపు ఆగిపోయాయి. తర్వాత మూడు దశాబ్దాలు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. చివరికి 2017లో డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ ఉన్న పిల్లల మీద సరైన పరీక్ష జరిగింది. సీబీడీ తాగిన పిల్లలకు నెలకు మధ్యస్థంగా (మీడియన్ లెక్కన) 12.4 సార్లు వచ్చే ఫిట్లు 5.9కి దిగాయి. ఉత్త నీళ్ళమందు తాగినవాళ్ళకు 14.9 ఉన్నవి 14.1 దగ్గరే ఆగాయి. 2018లో అమెరికాలో దానికి మందుగా అనుమతి దొరికింది. మొదట్లో ధర ఏడాదికి 32,500 డాలర్లు. మా వైపు ఇప్పటికీ బిడ్డకు ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్ళున్నారు, తాయెత్తు కట్టించేవాళ్ళున్నారు. ఆ తల్లిదండ్రులు ఫోన్లో తమరి ప్రకటన చూస్తే ఏమవుతుందన్నదే నా భయం. ఆ పిల్లల్లో చాలామంది అప్పటికే వాల్‌ప్రోయేట్ అనే ఫిట్ల మందు మింగుతూ ఉంటారు. దానికి సీబీడీ తోడైతే లివరు ఎంజైములు పెరగొచ్చు. ఆ పరీక్షలో రక్తం తీసి చూసే డాక్టరున్నాడు. తమరి వెంట కొరియర్ అబ్బాయి తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడొక చిన్న లెక్క. పాత అలవాటు, క్షమించాలి. తమరు 30 మిల్లీలీటర్లు. లోపల సీబీడీ 1000 మిల్లీగ్రాములు ఉందని లేబుల్ అంటోంది. మిల్లీలీటరుకు 20 చుక్కలనుకుంటే మొత్తం 600 చుక్కలు. మా అమ్మకు పొద్దున రెండు, రాత్రి రెండు చుక్కలు నాలుక కింద వేసుకోమన్నారు. అంటే రోజుకు ఏడు మిల్లీగ్రాములు కూడా పడదు. డ్రావే పిల్లలకిచ్చింది రోజుకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. మా అమ్మ బరువు 50 కిలోలు. ఆ లెక్కన వేస్తే రోజుకు 1000 మిల్లీగ్రాములు, సరిగ్గా తమరొక నిండు సీసా. అది ఫిట్ల లెక్క, మోకాళ్ళది కాదు కదా అని తమరు గునుస్తారని తెలుసు. మోకాళ్ళ లెక్క కూడా ఉంది. ఆస్ట్రియాలో మోకాళ్ళు అరిగినవాళ్ళకు పారాసెటమాల్‌తో పాటు రోజుకు 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చి చూశారు, 2023లో ఫలితం అచ్చయింది. సీబీడీ లేని ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళ కంటే నొప్పి ఎక్కువేమీ తగ్గలేదు. మా అమ్మ చుక్కలకు అది తొంభై రెట్లు.

మీగడో నెయ్యో బాగా వేసిన భోజనం మీద పుచ్చుకుంటే సీబీడీ నాలుగు రెట్ల దాకా ఎక్కువ ఒంటబడుతుంది. ఆ ముక్క తమ కరపత్రంలో ఎందుకు వేయలేదో అర్థం కాలేదు. పండగలకు ఓళిగల మీద నెయ్యి పోసుకునే ఊరు మాది. ఆ సాయం మేం సంతోషంగా చేసేవాళ్ళం.

అసలు ఆ 1000 మిల్లీగ్రాములైనా లోపల ఉన్నాయా? నా అనుమానానికి ఆధారం ఉంది. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులను పరీక్షించి 2017లో ప్రకటించారు. లేబుల్‌కు తగ్గట్టు ఉన్నవి 26. ఉండకూడని టీహెచ్‌సీ 18టిలో దొరికింది. తమరి సంగతి చూద్దామని లేబుల్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. 'ల్యాబ్ రిపోర్టు కోసం' అని దాని కింద రాసి ఉంది. తెరుచుకున్న పేజీలో బీచ్‌లో ధ్యానం చేస్తున్న ఒక అమ్మాయి, మొదటి ఆర్డరుకు తగ్గింపు.

మా అమ్మ చుక్కలు మానలేదు. నొప్పి తగ్గిందా అని మా వాడు వీడియో కాల్లో అడిగితే "శానా తగ్గింది నాయనా" అంది. ఫోన్ పెట్టాక నేనడిగితే, "యాడ తగ్గుతాది? బిడ్డ అంత దుడ్డు పెట్టి పంపిచ్చినాడు, తగ్గలేదంటే బాధపడడా" అంటూ మోకాలు పట్టుకుని లేచింది. మా వాడు మొదటి మాట మాత్రమే విని, 'మా అవ్వ ఇప్పుడు హాయిగా నడుస్తోంది' అని ఐదు చుక్కల రివ్యూ పెట్టాడు. దానికి మెచ్చి ఒక కూపన్ ఇచ్చారట. తమ తమ్ముడు ఈపాటికి పెనుకొండ దాటి ఉంటాడు.

ఇట్లు,
తమ ఫ్రిజ్ యజమాని