సవరణ: కాసెల్ పుస్తకాల పార్థెనాన్

అర్జెంటీనా కళాకారిణి మార్తా మినుహిన్ జర్మనీలోని కాసెల్ నగరంలో, ప్రాచీన గ్రీకు ఆలయం పార్థెనాన్ ఆకారంలో నిషేధిత పుస్తకాలతో రూపొందించిన కళాకృతి గురించి రాసిన మా వ్యాసంలో మూడు తప్పులు దొర్లాయి.

మొదటిది, కాసెల్‌లో నాజీలు పుస్తకాలు తగలబెట్టిన తేదీ మే 10 కాదు. అది బెర్లిన్ దహనం జరిగిన రోజు. కాసెల్‌లోని ఫ్రీడ్రిక్స్‌ప్లాట్జ్‌లో మంటపెట్టింది 1933 మే 19న. 2017లో పార్థెనాన్ లేచింది ఆ చౌకులోనే కాబట్టి ఈ తేదీ తప్పడం చిన్న విషయం కాదు.

రెండోది, స్తంభాలను పుస్తకాలు పేర్చి కట్టారని రాశాం. నిజానికి బరువు మోసింది ఉక్కు చట్రం. దానికి బిగించిన వల మీద, ఒకప్పుడో ఇప్పుడో ఎక్కడో నిషేధానికి గురైన పుస్తకాలను పారదర్శక ప్లాస్టిక్‌లో చుట్టి అమర్చారు. 1983లో, అర్జెంటీనాలో సైనిక పాలన ముగిసిన వేళ, రాజధాని బ్యూనస్ ఏర్స్‌లో ఆమె కట్టిన తొలి పార్థెనాన్‌కూ లోహపు చట్రమే ఆధారం. రెండుచోట్లా చివరికి పుస్తకాలు జనం చేతికే వెళ్లాయి. ఈ పంపకం కూడా కళాకృతిలో భాగమే.

మూడోది, గ్రంథాలయాల్లో చిన్న నమూనా కట్టేవారి కోసం ఇచ్చిన సూచన. పుస్తకానికి రంధ్రం చేసి తీగ గుచ్చమన్నాం. దయచేసి అలా చేయకండి. పంచాల్సిన పుస్తకం పాడవుతుంది. ముందు రెండు మూడు రోజులు గాలి ఆడే గదిలో ఆరబెట్టండి. తేమతోనే ప్లాస్టిక్ కవరులో సీల్ చేస్తే ఎండకు లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. కవరును పుస్తకం కంటే నాలుగు వేళ్లు పొడుగ్గా ఉంచి, ఆ అంచును మడిచి, అక్కడే కట్టండి. పుస్తకం సుమారు 350 గ్రాములనుకుంటే వందకు 35 కిలోలు. వెదురు తడికె వంగిపోతుంది, ఇనుప చట్రమే వాడండి.