తిరగేసి చూడలేని చీర

నల్లగొండలో ఉండే మా వదిన దసరా ముందు ఫోన్‌లో వచ్చిన ఒక ప్రకటన చూసి పోచంపల్లి చీరకు ఆర్డర్ పెట్టింది. పార్సిల్ విప్పగానే చీరను తిరగేసి చూసింది. పోచంపల్లి చీరలు నేసే ఇక్కత్ పద్ధతిలో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి రంగు రెండు వైపులా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఈ చీర వెనుక వైపు మాత్రం వెలవెలబోతోంది. అది అచ్చు వేసిన గుడ్డ. ప్రకటనలోని నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

చిన్న పట్టణాల కొనుగోలుదారులు ఆన్‌లైన్‌లో వెనుకాడితే దానికి 'అవగాహన లేమి' అని పేరు పెట్టడం మార్కెటింగ్ రంగానికి అలవాటైపోయింది. ఈ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతాను. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత జడ్చర్ల బస్టాండు దగ్గర చాయ్‌కి కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్న మనిషే, ముక్కూమొహం తెలియని పేజీకి ముందుగా డబ్బు పంపమంటే ఆగిపోతున్నాడు. అతని భయం ఫోన్ గురించి కాదు, సరుకు తేడా వస్తే ఎవరిని నిలదీయాలన్న దాని గురించి. ఉద్దెర ఇచ్చే కిరాణా షావుకారు దగ్గర ఆ ప్రశ్నే రాదు, ఎందుకంటే తెల్లారితే ఆయన అదే కొట్టులో కూర్చుని ఉంటాడు.

నాణ్యత అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియని చోట నాసిరకం సరుకు మంచి సరుకును బజారు నుంచి తరిమేస్తుందని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే వివరించారు. ఫ్లిప్‌కార్ట్ 2010లో క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టినా, నైజీరియాలో జుమియా అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ అదే దారి పట్టినా, కారణం ఈ అనుమానమే. అయితే డబ్బు చేతికిచ్చాకే పార్సిల్ విప్పనిచ్చే పద్ధతిలో ఆ రక్షణ సగమే.

చట్టం లేకపోలేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్ సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 'రెండే మిగిలాయి' అంటూ లేని తొందర పుట్టించడం సహా 13 రకాల మాయలను 2023 నవంబరు మార్గదర్శకాలు నిషేధించాయి. కానీ తొమ్మిది వందల చీర కోసం పనులు మానుకుని జిల్లా వినియోగదారుల కమిషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు, నిజమే. అయితే చిరునామాయే లేని పేజీ మీద ఏమని చెప్పాలి? ప్రకటనకు డబ్బు తీసుకున్న వేదిక, ఆ అమ్మకందారు ఎవరో కూడా తేల్చి చెప్పి తీరాలి.

ఈ మోసం కొన్నవారితో ఆగదు. నకిలీకి అలవాటుపడిన కళ్లకు అసలు ధర అన్యాయంగా కనబడుతుంది. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీర అయినా, నారాయణపేట చీర అయినా, ఆ నష్టం చివరికి మగ్గం మీదే పడుతుంది.

మొన్న వదిన మళ్లీ చీర కొన్నది, అదీ ఫోన్‌లోనే. తెలిసినవారు చెప్పిన పుట్టపాక నేతన్నకు వీడియో కాల్ చేసి, "జర ఎనుక దిక్కు సూపియ్యన్నా" అన్నది. ఆయన మగ్గం పక్కనే కూర్చుని చీరను మడత విప్పి తిరగేసి, అంచును వెలుతురుకు పట్టి చూపించాడు. చీర ఇంటికి రాకముందే ఆమె డబ్బంతా పంపేసింది.