'ఓన్లీ' అంటే 'మాత్రమే' అని ఎవరు చెప్పారండీ!

మా మేనకోడలు ఏడో తరగతి. మొన్న ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్తే ఇంగ్లిష్ నోట్సు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పాఠంలో ఎవరో తలుపు తడతారు. లోపల్నుంచి ఎవరని అడిగితే 'ఇట్స్ ఓన్లీ మీ' అంటారు. దాన్ని తెలుగులో రాయమంటే పిల్ల 'నేనేలే' అని రాసింది. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన 'ఇది నేను మాత్రమే' అని రాశారు.

మీరే చెప్పండి, మీ జన్మలో ఎప్పుడైనా తలుపు తట్టి 'ఇది నేను మాత్రమే' అన్నారా? అలా అంటే లోపలివాళ్ళు తలుపు తీస్తారా, గొళ్ళెం ఇంకాస్త బిగిస్తారా?

టీచర్ని తిట్టడం లేదు. మాకూ అంతే నేర్పారు. ఓన్లీ అంటే మాత్రమే. బట్టీ పట్టు, పోయి కూర్చో. ఆ పుణ్యమా అని 'హి ర్యాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్' అనే వాక్యానికి మా క్లాసులో వచ్చిన తెలుగు ఇది: 'రైలు వెళ్ళిపోయిందని కనుక్కోవడానికి మాత్రమే అతను స్టేషనుకు పరిగెత్తెను.' పాపం, అదేం సరదానో! మన ఇళ్ళల్లో దీనికి నిక్షేపంలాంటి మాట ఉంది, 'తీరా'. పరిగెత్తుకుంటూ వెళ్ళాడు, తీరా చూస్తే రైలు లేదు. అయిపోయింది.

ఒకసారి వరసగా చూడండి. 'ఇట్స్ ఓన్లీ రెయిన్' అంటే వానేగా. 'ఐ వాజ్ ఓన్లీ జోకింగ్' అంటే ఊరికే అన్నాలే. 'ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హ్యావ్ నో మనీ' అంటే రావాలనే ఉంది, కాకపోతే చేతిలో డబ్బుల్లేవు. 'ఇఫ్ ఓన్లీ యూ హ్యాడ్ టోల్డ్ మీ' అంటే ముందే చెప్పి ఉంటేనా! 'హి కేమ్ ఓన్లీ ఎస్టర్డే' అంటే నిన్ననే వచ్చాడు. ఇక్కడ 'నిన్న మాత్రమే వచ్చాడు' అని రాశారో, మొన్నా రాలేదు, ఇవాళా రాలేదు, వాడికి అటెండెన్సు లేదు అన్నట్టు తయారవుతుంది. ఇన్నింట్లో 'మాత్రమే' ఒక్కచోటా అతకలేదు.

మరి అది ఎక్కడ అతుకుతుంది? 'లేడీస్ ఓన్లీ' బోర్డు మీద అతుకుతుంది. చెక్కు మీద బ్రహ్మాండంగా అతుకుతుంది. 'పదివేల రూపాయలు మాత్రమే' అని రాసేది ఆ తర్వాత ఇంకెవరూ ఒక్క ముక్క కూడా చేర్చకుండా వేసే తాళం. (కోటి రూపాయల చెక్కు మీదా 'మాత్రమే' అనే రాయాలి. అంత వినయం అక్కడ తప్ప ఇంకెక్కడా చూడం.)

అసలు 'మాత్రమే'ని విప్పి చూస్తే తమాషాగా ఉంటుంది. 'మాత్ర' అంటే కొలత, సంస్కృతం. చివర తగిలిన 'ఏ' మన సొంతం. బరువంతా మోసేది ఆ 'ఏ'. దాన్ని పీకేసి 'నేను మాత్రం వస్తాను' అనండి. మీరంతా రాకపోతే మానండి, నా సంగతి వేరు అనే అర్థానికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్ మాటకి మూలం 'ఒకటి'. 'వన్'కి 'లీ' అనే తోక తగిలి 'ఓన్లీ' అయింది. మనం 'ఒక్క నువ్వే వచ్చావు' అన్నప్పుడు ఆ 'ఒక్క' చేసేదీ అదే పని.

ఇప్పుడు నా గోడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పని నేనే దగ్గరుండి పూర్తి చేశాను. ఎవరు చేశారని ఇంగ్లండులో ఉన్న క్లయింటు మెయిల్లో అడిగితే, 'ఐ ఓన్లీ టెస్టెడ్ ఇట్' అని గర్వంగా జవాబిచ్చాను. నా బుర్రలో ఉన్నది 'నేనే టెస్ట్ చేశాను'. అతను చదువుకున్నది 'ఊరికే టెస్ట్ చేశానంతే, ఇంకేం చెయ్యలేదు'. మిగతా పని ఎవరు చేస్తారని సాయంత్రం దాకా మెయిళ్ళే మెయిళ్ళు. మా మేనేజరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

చాన్నాళ్ళు సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడను. 'ఐ యామ్ హియర్ ఓన్లీ', 'ఐ యామ్ టెల్లింగ్ దట్ ఓన్లీ' అనేవాళ్ళని వెక్కిరించడం మనకి ఒక ఫ్యాషను. వాళ్ళు ఇంగ్లిషులో 'ఏ' కోసం వెతుక్కుంటున్నారు, అంతే. ఇక్కడే ఉన్నా, అదే చెప్తున్నా. తమిళులకు 'తాన్' ఉంది, హిందీవాళ్ళకు 'హీ' ఉంది. అందరూ తమ తమ సామాను తెచ్చి ఆ ఒక్క 'ఓన్లీ' నెత్తిన పెట్టారు.

పైగా మన 'ఏ' ఎంత బుద్ధిమంతురాలో చూడండి. నేనే వాడికి డబ్బిచ్చాను. నేను వాడికే డబ్బిచ్చాను. నేను వాడికి డబ్బే ఇచ్చాను. ఏ మాటని పట్టుకుంటే ఆ మాటదే బరువు. అనుమానానికి చోటు లేదు. ఇంగ్లిషువాళ్ళు 'ఐ ఓన్లీ గేవ్ హిమ్ మనీ' అని క్రియ ముందు పడేసి, మిగతాది గొంతుకి వదిలేస్తారు. దీని మీద వాళ్ళలో వాళ్ళకే పాత తగువు. తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో రాసిన వ్యాకరణంలో, 'ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్' తప్పు, 'ఓన్లీ'ని 'త్రీ' పక్కన పెట్టాలి అన్నాడు. 1926లో ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ వచ్చి, 'హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో' అంటే ఎవరికి అర్థం కాదయ్యా అని ఆ చాదస్తాన్ని ఎగతాళి చేశాడు. నా ఓటు ఫౌలర్‌కే. కాకపోతే నా మెయిలుకి గొంతు లేదు, అదొచ్చింది చిక్కు.

ఇదంతా విని మా మేనకోడలు, "అయితే నేను రాసింది రైటేగా మామయ్యా? మరి పరీక్షలో ఏం రాయను?" అంది.

'ఇది నేను మాత్రమే' అని రాసెయ్యమన్నాను. మార్కు పోతే మా అక్క అడిగేది నన్నే.