లైటు కొట్టినోడిదే దారి

సంక్రాంతికి ఇంగ్లండు నుంచి వచ్చిన మా మేనల్లుడు, ఒంగోలు దగ్గర పేర్నమిట్ట దాటాక పెట్రోలు బంకులోకి కారు తిప్పబోయి, చీమకుర్తి వైపు నుంచి వస్తున్న రాయి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. పక్క సీట్లో నేను. లారీ మీద రెండు గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు. బ్రేకు పడేసరికి గొలుసులు కిర్రుమన్న చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. డ్రైవరు తల బయటపెట్టాడు. తిడతాడనుకున్నా. తిట్టలేదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"ఏం సామీ, లైటు కొట్టింది కనపళ్లా?"

"కనపడబట్టే తిప్పా అన్నా," అన్నాడు మావాడు.

ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిదీ తెలుగే. మధ్యలో లైటే వేరే భాష మాట్లాడింది.

ఇంగ్లండులో ఎదుటి బండి లైటు కొడితే "మీరు పోండి, నేనాగుతా" అనట. మనం చెయ్యెత్తి మర్యాద చూపించి పోవాలట. ఇక్కడ లైటు కొట్టారంటే "నేనొస్తన్నా, నువ్వాగు" అని పాలుతాగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఇంత పెద్ద తేడా ఉంటే రెండు ప్రభుత్వాలూ ఏం చేస్తున్నట్టని, ఆ రాత్రి నిద్ర మానుకుని బ్రిటన్ వాళ్ల రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడ్ చదివాను. 110వ నియమం ప్రకారం, మనం ఇక్కడున్నామని ఎదుటివాళ్లకు తెలియజెయ్యడానికే లైటు కొట్టాలి, ఇంకే కబురు పంపడానికీ కాదు. ఎదుటివాడు లైటు కొట్టాడు గదా అని దారిచ్చేశాడనుకోవద్దని 111వ నియమం. అంటే బ్రిటన్ పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నది బ్రిటన్ వాళ్లు కాదు, చీమకుర్తి రాయి లారీ డ్రైవర్లు! ఈ గౌరవం మా ప్రకాశం జిల్లాకు ఇన్నాళ్లూ దక్కకపోవడం శోచనీయం.

మావాడు చదువుకోనివాడేం కాదు. మన లైసెన్సు మీద అక్కడ 12 నెలలే నడపనిస్తారు, తర్వాత వాళ్ల పరీక్ష రాయాల్సిందే. బండి నడిపి చూపించేటప్పుడు చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి దొర్లినా ఇంటికే. మనకు బైకు మీద ఎనిమిది అంకె వేసి, కాలు కింద పెట్టకపోతే చాలు. లైసెన్సు చేతికొచ్చాక కూడా జీవితాంతం ఆ ఎనిమిదే వేస్తుంటాం, అది వేరే సంగతి.

1968లో ప్రపంచ దేశాలు వియన్నాలో కూర్చుని రోడ్డు నియమాల మీద ఒక ఒడంబడిక రాసుకున్నాయి. దానికి మావాళ్లనెవరినీ పిలవలేదు. పిలుద్దామన్నా అప్పటికి మా జిల్లాయే పుట్టలేదు, 1970లో పుట్టింది. ఆ లోటు ఆ ఒడంబడికలో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఉదాహరణకు సైడు స్టాండు. దాని సంగతి ఏ దేశంలో ఏ చట్టం చూసుకుంటుందో గానీ, ఒంగోల్లో ఊరంతా చూసుకుంటుంది. మొన్న చర్చి సెంటర్లో స్టాండు తియ్యకుండా బయల్దేరాను. అరటిపళ్ల బండామె "స్టాండు" అని అరిచింది, వినలేదు. స్కూలు ఆటోలోంచి ముగ్గురు పిల్లలు కోరస్‌గా "స్టాండూ" అన్నారు, వాళ్ల ఆటే అనుకున్నా. ఆఖరికి ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు, తలకు హెల్మెట్ లేదు, బండికి అద్దాల్లేవు, వస్తున్నది రాంగ్ రూట్లో. ఫోన్లోవాణ్ణి "ఒక్క నిమిషం ఆగరా" అని ఆపి మరీ, "బాబాయ్, స్టాండు! పడతావ్!" అన్నాడు. నా ప్రాణం మీద అంత శ్రద్ధ పెట్టినవాడు మరుక్షణం నా మోకాలికి బెత్తెడు దూరంలోంచి దూసుకుపోయాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో వియన్నాలో ఎవరైనా చెప్పగలరా?

పగటి లైటుదీ ఇదే కథ. స్వీడన్లో 1977 నుంచి పట్టపగలు కూడా లైటు వేసుకునే నడపాలి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకూ స్కూటర్లకూ ఇంజను తిరుగుతున్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆపడానికి స్విచ్చే ఉండదు. చట్టం మారింది గానీ జనం చెయ్యి మారలేదు. ఎదురొచ్చే ప్రతివాడూ అయిదు వేళ్లూ మొగ్గలా ముడిచి విప్పి, ముడిచి విప్పి, నా లైటు సంగతి నాకు గుర్తుచేస్తాడు. కొత్తలో బండి ఆపి, ఇది ఆగదండీ, కేంద్రం నిబంధన అని ఒక్కొక్కరికీ వివరించాను. ఒక పెద్దాయన అంతా విని, "సరే, ముందు ఆ లైటు ఆపు," అన్నాడు. అప్పట్నుంచీ వాదన మానేశా. ఎవరైనా వేళ్లు విప్పగానే, లేని స్విచ్చును బొటనవేలితో నొక్కినట్టు నటిస్తా. తల ఊపి తృప్తిగా వెళ్లిపోతారు.

స్వీడన్ పేరెత్తాం గాబట్టి ఇంకో మాట. ఆ దేశం ఎడమ పక్క నడవడం మాని కుడి పక్కకు మారాలా అని 1955లో జనాన్ని అడిగితే నూటికి 83 మంది వద్దన్నారు. అయినా ప్రభుత్వం వినకుండా ఏళ్ల తరబడి ఏర్పాట్లు చేసి, 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున బళ్లన్నీ ఆపించి, పక్క మార్పించి, 5 గంటలకు మళ్లీ కదిలించింది. పసిఫిక్ ద్వీప దేశం సమోవా 2009లో దీనికి ఉల్టాగా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి చవక కార్లు తెచ్చుకోవచ్చని కుడి నుంచి ఎడమకు మారింది. ఎంత ఆర్భాటం! మా బైపాసులో యూటర్ను కిలోమీటరు అవతల ఉందనుకోండి, పావు లీటరు పెట్రోలు కోసం ఎవరికి వాళ్లే ఏ పూటకాపూట పక్క మార్చుకుంటారు. ఓటింగు లేదు, ముహూర్తం లేదు.

చాలా యూరప్ దేశాల్లో బండి చెడిపోతే వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. స్పెయిన్ 2026 జనవరి నుంచి దాన్నీ వదిలేసి, కారు నెత్తిన పెట్టే మెరుపు దీపానికి మారింది. మా దగ్గర వేపకొమ్మ ఒకటి, నాలుగు రాళ్లు. ఖర్చు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఒకే ఒక్క చిక్కు. లారీ బాగుపడి వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. చీకటి పడ్డాక ఆ రాళ్ల వల్ల ఇంకో బండి చెడిపోతుంది, దానికి మళ్లీ కొమ్మ కావాలి. కొత్తూరి దగ్గర వేపచెట్టు బోసిపోవడానికి తెగులే కారణమని నేను నమ్మను.

కందికాలంలో తారురోడ్డు సగానికి కల్లమైపోతుంది. కందికట్టె రోడ్డు మీద పరిస్తే బస్సులూ లారీలే తొక్కి నూర్చిపెడతాయి, కూలి లేదు. జీబ్రా గీతల దగ్గర మనిషి కనిపిస్తే కారు ఆపే దేశాలున్నాయి. ఇక్కడ కందికట్టె కనిపిస్తే పక్కకు తప్పుకునే డ్రైవరుకే రైతు చేతిలో తిట్లు.

జరిమానాల మాట కూడా చెప్పాలి. ఫిన్లాండులో ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2023లో 50 మీద పోవాల్సిన చోట 82 మీద పోయిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోలు పడింది. మనది సమసమాజం, రిక్షావాడికీ రియల్ ఎస్టేటాయనకీ ఒకటే రేటు. ఆదాయాన్ని బట్టి మారేదల్లా, ఆపినప్పుడు చేసే ఫోను ఎవరికి పోతుందన్నదే.

ఇవన్నీ క్రోడీకరించి వియన్నాకు ఒక అర్జీ రాద్దామని కూర్చున్న రోజే మా మేనల్లుడి ఫోను వచ్చింది.

"మామా, ఇక్కడ మలుపు దగ్గర ఎదుటి కారు తిరగబోతుంటే అలవాటుకొద్దీ లైటు కొట్టా."

"ఆగాడా?"

"చెయ్యెత్తి థాంక్స్ చెప్పి నా ముందుకే వచ్చేశాడు."

"మరి నువ్వేం చేశావురా?"

"బ్రేకు తొక్కి, తల బయటపెట్టి అడిగా, లైటు కొట్టింది కనపళ్లా అని."

"ఏ భాషలో?"

"కంగార్లో తెలుగులోనే అడిగేశా మామా. పాపం, మళ్లీ చెయ్యెత్తాడు."